కాకి వాలింది, తాటిపండు పడింది

ఆ మధ్య మా సంఘం సమావేశంలో బాబాల గురించీ, తాయెత్తుల గురించీ మాట్లాడినంతసేపూ సభ నవ్వుతూ విన్నది. హోమియోపతి దగ్గరికి రాగానే నవ్వులు ఆగిపోయాయి. రిటైరైన మాస్టారొకరు లేచి నిలబడ్డారు. "చక్కెర గోళీలని తేలిగ్గా తీసిపారేస్తున్నారు మీరు. మా మనవడికి ఏడేళ్లు. రెండు చేతుల మీదా కలిపి 14 పులిపిర్లు. థూజా వేయించాను. నాలుగు నెలల్లో ఒక్కటి మిగల్లేదు. మచ్చ కూడా లేదు. ఏడేళ్ల కుర్రాడికి నమ్మకాలేం తెలుసు? దీనికి మీ దగ్గర జవాబుందా?" అన్నారు. చప్పట్లు మోగాయి. కొట్టినవాళ్లలో మా సభ్యులు కూడా ఉన్నారు.

జవాబుంది. కాని రెండు నిమిషాల్లో చెప్పేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాస్టారు అడిగింది మంచి ప్రశ్న. మన తెలుగు ఇళ్లలో హోమియోపతి మీద నమ్మకం ఎక్కడ మొదలైందని అడిగి చూడండి. పదిమందిలో కొందరైనా పులిపిర్ల కథ చెబుతారు. చక్కెర జబ్బు తగ్గిందని చెప్పేవాళ్లు తక్కువ, గుండె జబ్బు పోయిందని చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. పులిపిరి కంటికి కనబడుతుంది. వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పోయినప్పుడు పోయిందని అందరికీ తెలుస్తుంది. హోమియో వారి కోటల్లో అన్నిటికంటే గట్టిది ఇదే. కాబట్టి దీన్నే చూద్దాం.

ముందు పులిపిరి అంటే ఏమిటో తెలియాలి. అది అంటువ్యాధి. ఈ మాట చాలామందికి కొత్తగా ఉంటుంది. కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్, పొట్టిగా హెచ్‌పీవీ. 200కు పైగా రకాలున్న పెద్ద కుటుంబం అది. చేతుల మీద, పాదాల కింద పులిపిర్లు తెచ్చే రకాలు వేరు. జననాంగాల మీద తెచ్చేవి వేరు. క్యాన్సర్‌కు దారితీసేవి వేరు. ఈ తేడా గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

చర్మం మీద కంటికి ఆనని గీత ఉంటే చాలు, వైరస్ అక్కడినుంచి పైచర్మం అడుగు వరసలోని కణాల్లోకి చేరుతుంది. ఆ కణాలు అవసరానికి మించి పెరిగేలా చేస్తుంది. కొన్ని నెలలకు గరుకుగా బొడిపె లేస్తుంది. గోకితే ఆ గీత వెంబడే వరసగా కొత్తవి వస్తాయి. గడ్డం గీసుకునే కత్తి వెంట చెంపంతా పాకుతాయి. మంగలి షాపులో ఒకరికి వాడిన బ్లేడు ఇంకొకరికి వాడొద్దని చెప్పేది ఒక్క ఎయిడ్స్ భయంతోనే కాదు.

ఇది వైరస్ పని అని ఎలా తెలిసిందో చెప్పాలనిపిస్తోంది, ఎందుకంటే అసలు వైద్యశాస్త్రం నడిచే తీరు అందులో ఉంది. 1907లో జూసెప్పే చూఫో అనే ఇటలీ వైద్యుడు పులిపిర్లను నూరాడు. ఆ రసాన్ని బాక్టీరియా దూరలేనంత సన్నని వడపోతలోంచి పంపాడు. దిగిన ద్రవాన్ని తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. కొన్నాళ్లకు సరిగ్గా అక్కడే పులిపిర్లు లేచాయి. వడపోతలోంచి జారిపోయేంత చిన్నదేదో ఈ జబ్బు తెస్తోందని ఒప్పుకోక తప్పలేదు. ఆయన మాట మీద నమ్మకం ఉంచమని ఎవరినీ అడగలేదు. కావాలంటే మీరూ వడగట్టి చూసుకోండి అన్నట్టుంది ఆ పని.

ఇక అసలు సంగతి. ఈ వైరస్ పైచర్మంలోనే కాపురం ఉంటుంది, రక్తంలోకి దిగదు. అందువల్ల మన ఒంట్లోని రక్షణ వ్యవస్థ దాన్ని చాలాకాలం పసిగట్టలేదు. పసిగట్టిన రోజున మాత్రం ఊరుకోదు. ఒక్కోసారి వారాల వ్యవధిలో అన్ని పులిపిర్లూ కలిసికట్టుగా ఎండి రాలిపోతాయి. చర్మం లోపలి పొర దెబ్బతినలేదు కాబట్టి మచ్చ మిగలదు. మాస్టారు "మచ్చ కూడా లేదు" అని ఆశ్చర్యపోయారు కదా, ఒళ్లు తనంతట తాను నయం చేసుకుందనడానికి అది ఆనవాలు. మందు పూసి కాల్చినా, కోసినా మచ్చ పడే అవకాశం ఎక్కువ.

ఎంతమందికి ఇలా పోతాయి? 1963లో అమెరికాలో మాసింగ్, ఎప్‌స్టీన్ అనే ఇద్దరు వైద్యులు ఒక సంరక్షణాలయంలో ఉండే పిల్లల మీద రెండేళ్ల పరిశీలన ప్రచురించారు. వైద్యమేమీ చేయకుండా గమనించారు. రెండేళ్లలో మూడింట రెండు వంతుల పులిపిర్లు మాయమయ్యాయి. పిల్లల్లో త్వరగా పోతాయి, పెద్దవాళ్లలో మొండికేస్తాయి. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో, ఉదాహరణకు కిడ్నీ మార్పిడి చేయించుకుని మందులు వాడుతున్నవాళ్లలో, ఇంకా మొండికేస్తాయి. పులిపిర్లను పోగొట్టేదెవరో ఈ తేడాలే చెబుతున్నాయి.

దానంతటదే పోయే జబ్బు ఉన్నచోట వైద్యులకు కొదవ ఉండదు. మన అమ్మమ్మలు గుర్రపు వెంట్రుక కట్టేవారు. సున్నమూ చాకలి సోడా కలిపి అద్దేవారు (ఇది చర్మాన్ని నిజంగానే కాలుస్తుంది, ఎవరూ ప్రయత్నించకండి). తమిళనాడులోని వైదీశ్వరన్ కోయిల్‌లో ఉప్పు, మిరియాలు సమర్పించుకుంటారు. మనమే ఇలా అనుకోకండి. మార్క్ ట్వేన్ 1876లో రాసిన టామ్ సాయర్ నవలలో కుర్రాళ్లు చచ్చిన పిల్లిని పట్టుకుని అర్ధరాత్రి శ్మశానానికి పోయేది పులిపిర్లు పోగొట్టుకోవడానికే.

అన్నిటికంటే నాకు నచ్చిన కథ ఫ్రాన్సిస్ బేకన్‌ది. ప్రయోగం లేనిదే జ్ఞానం లేదని యూరప్‌కు నేర్పినవాడు. కుర్రతనంలో పారిస్‌లో ఉండగా ఆయన చేతులనిండా పులిపిర్లు లేచాయి, వందకు తక్కువ లేవట. ఇంగ్లీషు రాయబారి భార్య ఒక పందికొవ్వు ముక్క తీసుకుని పులిపిర్లన్నిటికీ రుద్దింది. ఆ ముక్కను ఎండ తగిలే కిటికీకి మేకు కొట్టి తగిలించింది. కొవ్వు కరిగిపోయింది. ఐదు వారాల్లో పులిపిర్లూ పోయాయి. చిన్నప్పటినుంచీ ఉన్న పాత పులిపిరి కూడా వాటితోపాటే పోయింది. ఆయన చనిపోయాక 1627లో అచ్చయిన పుస్తకంలో ఈ సంగతి రాసి ఉంది. బేకన్ అంతటివాడు కూడా కొంత తబ్బిబ్బయ్యాడు. మరి రాయబారి భార్య చేసిన వైద్యం థూజా కంటే ఎందులో తీసిపోయింది? వేగం చూసుకుంటే మాస్టారి మనవడికంటే బేకన్‌కే త్వరగా పోయాయి! ఈ లెక్కన మనం హోమియో కళాశాలలు మూసేసి పందికొవ్వు కళాశాలలు తెరవాలి.

మన పెద్దలు దీనికి ఎప్పుడో పేరు పెట్టారు. కాకతాళీయం. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, అదే క్షణంలో పండు పడింది. కాకి బరువుకే పడిందని చూసినవాడు ప్రమాణం చేస్తాడు. వాడు అబద్ధమాడటం లేదు. చూసిందే చెబుతున్నాడు. పండు ఎప్పుడో ముగ్గిందన్న సంగతి వాడికి తెలియదు, అంతే. అదీగాక పులిపిర్లకు వైద్యానికి ఎప్పుడు వెళతాం? మొదటి వారంలో ఎవరూ వెళ్లరు. నెలల తరబడి చూసి, పెరుగుతున్నాయని విసిగి, అప్పుడు వెళతాం. అంటే ముగ్గిన పండు మీదికే కాకి వస్తోంది.

ఇంతకీ పులిపిరికి థూజా ఎవరు కనిపెట్టారు? హోమియోపతికి ఆద్యుడు శామ్యూల్ హానిమన్ దీర్ఘరోగాలన్నిటికీ మూడు మూలాలు చెప్పాడు. అందులో ఒకటి సైకోసిస్. సుఖరోగాల వల్ల ఒంట్లో చేరే దోషమట అది. మర్మస్థానాల్లో పులిపిర్లుగా బయటపడుతుందట. దానికి థూజా ఇమ్మన్నాడు. థూజా ఉత్తర అమెరికాలో పెరిగే ఒక చెట్టు. 1828లో ఆయన ఈ సిద్ధాంతం ప్రకటించేటప్పటికి వైరస్ అనేది ఒకటుందని ప్రపంచంలో ఎవరికీ తెలియదు. ఆయన్ని నేను తప్పుపట్టను. ఆ రోజుల్లో మిగతా డాక్టర్లు జలగలు పట్టించి, రక్తం తీసి, పాదరసం మింగించి మనుషుల్ని చంపుతున్నారు. ఏమీ చేయని వైద్యం వాళ్లకంటే ఎంతో నయం. కాని చూఫో ప్రయోగం జరిగి వందేళ్లు దాటాక కూడా ఏడేళ్ల కుర్రాడి చేతి మీది బొడిపెకు పూర్వీకుల సుఖరోగ దోషం కారణమని పుస్తకాల్లో చెప్పుకోవడాన్ని ఏమనాలి? మాస్టారికి ఈ సంగతి తెలిస్తే ఆ డాక్టరు గుమ్మం తొక్కేవారా?

ఇక సీసాలో ఏముందో చూద్దాం. ఒక చుక్క థూజా రసానికి 99 చుక్కల ఆల్కహాలు కలిపి కుదపాలి. ఇది ఒకటో పొటెన్సీ. అందులోంచి ఒక చుక్క తీసి మళ్లీ 99 చుక్కల్లో కలపాలి. ఇది రెండు. ఇలా 30 సార్లు చేస్తే థూజా 30. 12వ మెట్టు దాటేసరికి మూలపదార్థంలోని ఒక్క అణువు కూడా మిగిలే ఆశ ఉండదు. 30 దగ్గర పలుచన ఎంతంటే ఒకటి పక్కన 60 సున్నాలు. చాలామంది రాసిచ్చే 200 పొటెన్సీ అయితే 400 సున్నాలు. కనబడే విశ్వంలోని పరమాణువులన్నిటినీ లెక్కపెట్టినా సుమారు 80 సున్నాల దగ్గర ఆగిపోతాం. దీంట్లోనూ హానిమన్ తప్పు లేదు. ఆయన 1843లో పోయాడు. గుక్కెడు గాలిలో అణువులెన్నో తొలి అంచనా 1865లో గాని రాలేదు. ఆ తర్వాత పుట్టినవాళ్లకు ఆ మినహాయింపు ఎలా వర్తిస్తుంది?

దీనికి ఒక తెలివైన జవాబు చెబుతారు. "మేం మదర్ టింక్చర్ కూడా పూయిస్తాం కదా, అందులో థూజా ఉంది కదా" అని. ఉంది. పలుచన చేయని చెట్టు రసమూ, ఆల్కహాలూ ఉన్నాయి. అలాంటప్పుడు అది మూలికా వైద్యం. పలుచన చేసేకొద్దీ బలం పెరుగుతుందన్నది మీ సిద్ధాంతం కదా, మరి పలుచన చేయని సరుకును అమ్మడం ఎందుకు? రెండు పడవల మీదా కాళ్లు పెట్టకండి.

సరే, సిద్ధాంతం సంగతి వదిలేద్దాం. ఎలా పనిచేస్తుందో తెలియకపోయినా పనిచేస్తే చాలనుకుందాం. నిజానికి ఆ వాదన నాకు సమ్మతమే. వేపపుల్ల ఎలా పనిచేస్తుందో తెలియకుండానే తరాలు పళ్లు తోముకున్నాయి. పరీక్ష చాలా తేలిక. పులిపిర్లున్నవాళ్లను రెండు జట్లుగా చీటీలు వేసి విడదీయాలి. ఒక జట్టుకు థూజా గోళీలు, రెండో జట్టుకు ఉత్త గోళీలు ఇవ్వాలి. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ తెలియకూడదు, ఇచ్చినవాళ్లకూ తెలియకూడదు. చివర్లో లెక్కపెట్టాలి.

కెనడాలోని క్యూబెక్‌లో ఇది చేశారు. 1992లో ఫలితాలు ప్రచురించారు. అరికాళ్ల పులిపిర్లున్న 174 మందిని తీసుకున్నారు. ఒక జట్టుకు థూజా, యాంటిమోనియమ్ క్రూడమ్, నైట్రిక్ యాసిడ్ అనే మూడు హోమియో మందులు ఆరు వారాలు ఇచ్చారు. పులిపిర్లకు మన ఊళ్లలో రాసేవి కూడా ఇవే. ఆరు వారాలకు హోమియో జట్టులో 4.8 శాతం మందికి, ఉత్త గోళీల జట్టులో 4.6 శాతం మందికి నయమైంది. 12 వారాలకు 13.4, 13.1. 18 వారాలకు 20, 24.4. అంటే చివరికి ఉత్త గోళీలవాళ్లే కాస్త ముందున్నారు. దానికీ అర్థం లేదు, అది చీటీలాటలో వచ్చే తేడా. కాని అటు ఉత్త గోళీల జట్టును చూడండి. నాలుగు నెలల్లో సుమారు నాలుగో వంతు మందికి పోయాయి, అదీ మొండివని పేరున్న అరికాలి పులిపిర్లు. వాళ్లలో ప్రతి ఒక్కరూ ఇంటికెళ్లి "హోమియో వాడాను, పోయాయి" అనే చెప్పి ఉండేవారు. వాళ్లు తిన్నది పంచదార.

"మా వైద్యం రోగానికి కాదు, రోగికి. అందరికీ ఒకే మందు ఇస్తే ఎలా?" అంటారు. బాగుంది. థూజా ఆయింట్‌మెంట్ మందుల షాపులో అడిగినవాడికల్లా అమ్ముతున్నప్పుడు ఈ మాట గుర్తురాదేం? పోనీ, ఆ పరీక్షా జరిగింది. 1996లో ఆస్ట్రియా వైద్యులు ఒక అధ్యయనం ప్రచురించారు. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలు, చేతుల మీద పులిపిర్లు. అచ్చం మాస్టారి మనవడిలాంటివాళ్లు. ఏ పిల్లవాడికి తగ్గ మందు ఆ పిల్లవాడికి ఎంచి ఇచ్చారు. జట్టుకు సుమారు 30 మంది. హోమియో జట్టులో 9 మందికి, ఉత్త గోళీల జట్టులో 7 మందికి పులిపిర్లు సగానికి పైగా తగ్గాయి. ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. పూర్తిగా పోయినవాళ్లు హోమియోలో ఐదుగురు, ఉత్త గోళీల్లో ఒక్కరు. హోమియో మిత్రులు ఈ ఒక్క వాక్యాన్ని పట్టుకుంటారు. ఇంత చిన్న జట్లలో అంత తేడా ఊరికే కూడా రావచ్చునని అధ్యయనం చేసినవాళ్ల లెక్కే తేల్చింది. ఒకవేళ అది నిజమైన తేడా అయితే ఇంకా పెద్ద జట్లతో చేసి చూపిస్తే ప్రపంచం నోరు మూసుకునేది. పాతికేళ్లు దాటినా ఆ పని జరగలేదు.

2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి హోమియో పరిశోధనలన్నీ సమీక్షించి, ఏ ఒక్క జబ్బులోనూ అది పనిచేస్తుందనడానికి నమ్మదగిన రుజువు లేదని చెప్పింది. 2017లో ఇంగ్లండు ప్రభుత్వ వైద్య వ్యవస్థ హోమియో మందులు రాయడం ఆపమని తన డాక్టర్లకు సూచించింది. మన దగ్గర 2020 జనవరిలో ఆయుష్ మంత్రిత్వ శాఖ కరోనా రాకుండా ఆర్సెనికమ్ ఆల్బమ్ 30 వేసుకోమంది. దాని గురించి విడిగా రాయాలి.

ఇక్కడిదాకా ఓపిగ్గా విన్న మిత్రులు చివరికి ఒక మాట అంటారు. "సరే, పంచదారే అనుకుందాం. పోయే జబ్బే కదా, పంచదార తింటే నష్టమేముంది? కాల్చుకోవడం కంటే నయం కదా?"

ఏడేళ్ల కుర్రాడి విషయంలో నష్టం పెద్దగా లేదని నేనే ఒప్పుకుంటాను. నాలుగు నెలలు గోళీలు తిన్నాడు, తియ్యగా ఉన్నాయి. మన ఊళ్లలో రిటైరైన పోస్టుమాస్టర్లూ, బడిపంతుళ్లూ చెక్కపెట్టెలో చిన్న చిన్న సీసాలు పెట్టుకుని, పైసా తీసుకోకుండా వాకిట్లో గోళీలు పంచినవాళ్లున్నారు. వాళ్ల మంచితనం మీద నాకు గౌరవం ఉంది. గుడివాడలో 1945 నుంచి హోమియో కళాశాల ఉంది. రాజమండ్రి కళాశాలకు అల్లు రామలింగయ్య గారి పేరు పెట్టుకున్నాం, ఆయన స్వయంగా హోమియో వైద్యం చేసేవారు. తెలుగువాళ్లకు హోమియోపతి పరాయిది కాదు, ఇంట్లో మనిషి. అందుకే దాన్ని ప్రశ్నించడం కష్టంగా ఉంటుంది.

నష్టం కుర్రాడి దగ్గర ఆగదు. పులిపిర్లు పోయాక ఆ ఇంట్లో ఒక తీర్మానం జరుగుతుంది. మందు పనిచేసింది. కాబట్టి ఈసారి జబ్బు చేస్తే అక్కడికే. ఆ వచ్చే జబ్బు దానంతటదే పోయే రకం కాకపోతే?

నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పాను. పాత విద్యార్థులు ఇప్పటికీ ఫోన్లు చేస్తుంటారు. కొన్నేళ్ల కిందట ఒక అమ్మాయి ఫోన్ చేసి చాలాసేపు వేరే సంగతులు మాట్లాడి, చివరికి అసలు విషయం చెప్పింది. పెళ్లయిన కొన్నాళ్లకు మర్మాంగం దగ్గర పులిపిర్లు వచ్చాయి. ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు. చిన్నప్పుడు అన్నయ్య చేతి పులిపిర్లు హోమియోతో పోయాయని గుర్తుండి, వాళ్ల ఊళ్లో ఒక క్లినిక్‌కు వెళ్లింది. చూడకుండానే, అడిగి తెలుసుకుని మందిచ్చారు. ఆమెకు అదే కావాల్సింది, ఎవరూ చూడకపోవడం. రెండేళ్లకు పైగా వాడింది. మధ్యలో పెరిగితే, "దోషం బయటికి వస్తోంది, మంచి సూచన" అన్నారు. తగ్గితే మందు గొప్ప, పెరిగితే కూడా మందు గొప్ప! భర్తను పిలిపించి పరీక్షించాలనిగాని, గర్భాశయ ముఖద్వారం పరీక్ష చేయించుకోమనిగాని ఆ రెండేళ్లలో ఒక్కరూ అనలేదు.

నేను చెప్పింది ఒక్కటే, స్త్రీల డాక్టరు దగ్గరికి వెళ్లమని. వెళ్లింది. పులిపిర్లు నాలుగు సిట్టింగుల్లో తీసేశారు. అది చిన్న సంగతి. పరీక్షలో గర్భాశయ ముఖద్వారం దగ్గర క్యాన్సర్‌కు ముందు దశ మార్పులు కనబడ్డాయి. సకాలంలో చిన్న చికిత్సతో తీసేశారు. ఇప్పుడు బాగుంది.

ఇక్కడ నేను మొదట గుర్తుంచుకోమన్న తేడా అవసరం. మర్మాంగాల పులిపిర్లు తెచ్చేవి ఎక్కువగా 6, 11 రకాలు. అవి క్యాన్సర్ తేవు. కాబట్టి పులిపిర్లు ఉన్నవాళ్లెవరూ ఈ రాత్రి నిద్ర మానుకోనక్కర్లేదు. క్యాన్సర్ తెచ్చేవాటిలో ముఖ్యమైనవి 16, 18. కాని వచ్చే దారి రెండిటికీ ఒకటే. ఒకటి వచ్చినచోట రెండోది కూడా ఉందేమో చూడటం వైద్యుడి కనీస ధర్మం. ఈ సంబంధాన్ని బయటపెట్టినందుకే జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హాసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో ఏటా లక్షమందికి పైగా స్త్రీలకు ఈ క్యాన్సర్ వస్తోంది. ముందు దశ నుంచి క్యాన్సర్ అవడానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లు మనకున్న గడువు. ఆ గడువులో రెండేళ్లను పంచదార తినేసింది.

నిజంగా పనిచేసే మందు ఎలా ఉంటుందో తెలియాలంటే ఆస్ట్రేలియా వైపు చూడాలి. 6, 11, 16, 18 రకాలను అడ్డుకునే టీకాను అక్కడ 2007 నుంచి బడి ఆడపిల్లలకు వేశారు. 2011 నాటికి, ఆ దేశంలో పుట్టి 21 ఏళ్లలోపు ఉండి సుఖరోగాల క్లినిక్‌లకు వచ్చే యువతుల్లో మర్మాంగాల పులిపిర్లు 90 శాతానికి పైగా తగ్గిపోయాయి. ఆ వయసు కుర్రాళ్లకు టీకా వేయలేదు, అయినా ఆడవాళ్లతో మాత్రమే సంబంధాలున్న కుర్రాళ్లలో కూడా 80 శాతం తగ్గాయి. వాళ్లకు అంటించేవాళ్లు లేకుండా పోయారు మరి. దీన్ని చూడటానికి ఏ మాస్టారూ లేచి సాక్ష్యం చెప్పనక్కర్లేదు. క్లినిక్ రిజిస్టర్లు చాలు. అవే నాలుగు రకాలకు మన పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ చేసిన టీకాకు 2022లో అనుమతి వచ్చింది.

ఇందులో ఒక చేదు హాస్యం ఉంది. హోమియో వైద్యుల్లో కొందరు టీకా వేయించుకున్న పిల్లలకు "టీకా విషం" విరగడానికి ఒక మందు ఇస్తారు. ఏ మందో ఊహించారా? థూజా! 1884లో జేమ్స్ కాంప్టన్ బర్నెట్ అనే ఇంగ్లండు హోమియో వైద్యుడు టీకాల వల్ల వచ్చే రోగాన్ని థూజాతో నయం చేయడం గురించి ఒక పుస్తకమే రాశాడు. పులిపిర్ల వైరస్‌ను నిజంగా అడ్డుకునే టీకా ఒకటుంటే, దానికి విరుగుడు పేరుతో పులిపిర్లను పోగొట్టని మందు ఇస్తున్నారు.

టీకా అనగానే ఖమ్మం గుర్తు చేస్తారు. చేయాలి కూడా. 2009లో ఖమ్మం జిల్లాలో వేలమంది బాలికలకు ప్రయోగాత్మక పథకం పేరుతో ఈ టీకా వేశారు. వాళ్లలో హాస్టళ్లలో ఉండే గిరిజన బాలికలు ఎందరో. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకం చాలాచోట్ల వార్డెన్లు పెట్టారు. ఇక్కడా గుజరాత్‌లోనూ కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010లో పథకం ఆపేశారు. విచారణలో ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదు. అనుమతులు తీసుకున్న తీరు మాత్రం సిగ్గుపడాల్సినది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగానే తప్పుపట్టింది. ఆ తప్పు చేసినవాళ్లను నిలదీయడం మన పని. ఆ తప్పు వల్ల పుట్టిన భయాన్ని చక్కెర గోళీలు అమ్ముకోవడానికి వాడుకునేవాళ్లను నిలదీయడం కూడా మన పనే.

ఇంగ్లీషు వైద్యం దగ్గర పులిపిర్లకు రామబాణం ఉందా అంటే, లేదు. వైరస్‌ను చంపే మాత్ర లేదు. సాలిసిలిక్ యాసిడ్ పూత ఓపిగ్గా వారాల తరబడి వాడితే కొంత ఉపయోగం ఉందని 2012 నాటి కాక్రేన్ సమీక్ష చెప్పింది. లిక్విడ్ నైట్రోజన్‌తో గడ్డకట్టించే పద్ధతి ఉంది. 2010లో నెదర్లాండ్స్‌లో పోల్చి చూస్తే చేతులు మొదలైన చోట్ల వచ్చే మామూలు పులిపిర్లు 13 వారాలకు గడ్డకట్టిస్తే 49 శాతం మందికి, పూతతో 15 శాతం మందికి, ఊరకుంటే 8 శాతం మందికి పోయాయి. అరికాళ్ల విషయంలో మాత్రం మూడింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ అంకెలు డాక్టర్ల గొప్పను పెంచేవి కావు. అయినా వాళ్లే చేసి, వాళ్లే అచ్చువేసి చెప్పారు. నాకు నచ్చింది అదే. పిల్లలకు నొప్పి లేకపోతే ఏమీ చేయకుండా వేచి చూడటం కూడా వైద్యమే, దానికి ఫీజు లేదు. తువ్వాలు, బ్లేడు ఎవరిది వారు వాడుకోవాలి. గోకకూడదు, కొరకకూడదు. చక్కెర జబ్బున్నవాళ్లు పాదాల మీద ఏ పూతా సొంతంగా వాడకూడదు, ఆనె అనుకున్నది ఏమిటో ముందు డాక్టరుకు చూపించాలి. పెద్ద వయసులో కొత్తగా లేచిన బొడిపె రక్తం కారుతున్నా, రంగు మారుతున్నా చర్మవైద్యుడు చూడాల్సిందే. అది పులిపిరి కాకపోవచ్చు.

పూత మందు అంటే భయపెట్టేవాళ్లున్నారు. పైన అణిచేస్తే జబ్బు లోపలికి పోయి ఉబ్బసంగా తేలుతుందని చెబుతారు. ఇదీ హానిమన్ కాలం నాటి ఊహే. ఇందాక చెప్పుకున్నాం, ఈ వైరస్ పైచర్మం దాటి రక్తంలోకే దిగదు. ఊపిరితిత్తుల దాకా ఏ దారిన పోతుంది?

ఇది రాసేముందు, పేపరులో వచ్చిన ఒక కరపత్రం చూసి నేనొక హోమియో క్లినిక్‌కు ఫోన్ చేశాను. పులిపిర్లకు "శాశ్వత పరిష్కారం" అని అచ్చువేశారు. ఫోనెత్తిన అమ్మాయి మర్యాదగా మాట్లాడింది. కోర్సు ఆరు నెలలట, మొత్తం డబ్బు ముందే కట్టాలట, పిల్లలకు రాయితీ ఉందట. "ఆరు నెలల్లో మందు లేకుండా ఎంతమంది పిల్లలకు పోతాయమ్మా?" అని అడిగాను. డాక్టరు గారిని అడిగి చెబుతానంది. కాసేపు ఫోన్లో పాట వినిపించింది. తర్వాత ఆయనే వచ్చి, "మీరు పేషెంటా సార్?" అని అడిగారు. కాదన్నాను. పెట్టేశారు.